వాన తగలని రాయి

ఇందుమూలంగా మామిడిపల్లి మలుపు దగ్గర చాయ్ తాగే యావన్మందికీ తెలియజేయడమేమనగా: మా హోటల్లో మూడో బెంచీ ఎడమ కొసన ఎవ్వరూ కూర్చోరాదన్న కట్టుబాటు నేటి నుంచి ఎత్తివేయబడింది. చక్కెర లేని చాయ్ కోసం విడిగా ఉంచిన చిన్న గిన్నె ఇకమీదట పోపుకు వాడబడును. సదరు బెంచీ కాలు కింద పెట్టిన రాతిపెచ్చును మాత్రం ఎవరూ కదిలించరాదు. కదిలించినవారికి ఏం శిక్ష పడుతుందో నాకే ఇంకా తెలియదు కాబట్టి మరింత భయపడగలరు.

దండోరా అయిపోయింది. ఇక సంగతి. ఆ కొసన కూర్చునే సారు పోయారు. మొన్న పొద్దున పాలు కాగే వేళకు అత్తాపూర్ నుంచి సారు భార్య ఫోన్ చేశారు. నేను ఆమెను అమ్మగారు అంటాను. "బాబూ, సారుగారు తెల్లవారుజామున వెళ్లిపోయారు" అన్నారు. నేను "ఎక్కడికి?" అని అడిగాను. ఎకసెక్కం లేకుండా నేను అడిగిన ప్రశ్నలు నా బతుకులో చాలా తక్కువ. అది ఒకటి.  ఈలోపు పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

సారు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. భూమి మీదా ఇతర గ్రహాల మీదా కొండలు, లోయలు, రాళ్లు ఈ రూపానికి ఎట్లా వచ్చాయి, రేపు ఏ రూపానికి పోతాయి అన్నది ఆయన చదువు. పదో తరగతి తప్పిన నాకు ఇంతకంటే బాగా చెప్పడం రాదు. ఆయనకు వచ్చు. కానీ ఆయన లేరు.

విమానాశ్రయం తెరిచిన ఏడాది ఎండాకాలంలో ఆయన్ను మొదటిసారి చూశాను. ఊరు ఊరంతా తలెత్తి విమానాలను చూస్తుంటే ఒకాయన మాత్రం నల్ల గొడుగు పట్టుకుని, తల వంచి రాళ్లను చూస్తున్నాడు. మా హోటల్ వెనక అప్పట్లో ఒక గుట్ట ఉండేది. గుట్ట నెత్తిన ఒక రాయి మీద ఇంకో పెద్ద గుండు, ఎవరో ఎత్తి పెట్టి మరిచిపోయినట్టు కూర్చుని ఉండేది. ఆయన దాని వైపే చూస్తూ నా దగ్గర చక్కెర లేని చాయ్ అడిగాడు. కొత్త మనిషి, ఊరికే వదిలిపెట్టడం నా వంశంలో లేదు.

"సారూ, గా పైన గుండు ఉన్నది జూసిండ్రా? అమాస అమాసకు జర జరుగుతది" అన్నాను.

ఆయన గ్లాసు దించి, "ఎటువైపు?" అన్నారు.

"పడమటికి."

"ఎంత?"

"బియ్యపు గింజంత ఉంటది."

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. చాయ్ తాగి, గొడుగు విప్పి గుట్ట ఎక్కారు. పొద్దు గూకే వేళకు దిగొచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. "ఏమయ్యా, గుండు జరగడం లేదు. కానీ నువ్వు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. పడమటి పక్కన ఒక పొర విడిపోతోంది."

నేను చెప్పిన అబద్ధం సగం నిజమవడం నాకు అదే మొదలు. పరువు పోయినట్టు అనిపించింది. ఆ పొద్దు చాయ్‌కి పైసలు తీసుకోలేదు.

ఆ తరువాత ఆయన అత్తాపూర్ నుంచి వారంలో చాలా రోజులు బస్సెక్కి వచ్చేవారు. మూడో బెంచీ ఎడమ కొసన కూర్చుంటే గుండు నేరుగా కనిపిస్తుంది. అందుకని ఆ చోటు ఆయనది అయింది. చాయ్‌లో చక్కెర వద్దనేవారు, ఉస్మానియా బిస్కెట్ మాత్రం ముంచుకుని తినేవారు.

"బిస్కెట్ల చక్కెర లేదా సారూ?"

"ఉందేమో. నేను దాన్ని చూడకుండా తింటాను."

ఒకరోజు నన్ను కూడా గుట్ట ఎక్కించారు. ఆ గుండు ఎట్లా పుట్టిందో చెప్పమన్నాను. "గుండు పుట్టలేదయ్యా, మిగిలింది" అన్నారు. ఈ మాట ఆయన ఎన్నిసార్లు అన్నారో. గుట్టంతా ఒకప్పుడు నేల కింద ఒకే బండ అట. బండలో పగుళ్లు, పగుళ్లలోకి నీళ్లు. నీళ్లు చుట్టూ ఉన్న రాయిని కొంచెం కొంచెంగా కుళ్లబెట్టి మొరం చేశాయి. నడుమ కుళ్లకుండా ఉన్నది గుండ్రంగా మిగిలింది. వానలకు మొరం కొట్టుకుపోయాక గుండు ఎండలోకి వచ్చింది.

"మా పదో తరగతి లెక్క సారూ. అందరు పాసై పోంగ మిగిలింది నేనొక్కన్నే."

సారు నవ్వితే చప్పుడు ఉండదు. భుజాలు కదులుతాయి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటారు, అంతే. ఆ రోజు బాగా తుడుచుకున్నారు.

ఆ ఒక్క గుండే ఎందుకు అంటే, దానికి కారణం ఉంది. పడమటి పక్కన దాని నుదురు చూరులాగా ముందుకు వచ్చి ఉంటుంది. వాన ఎంత కొట్టినా చూరు కింద చుక్క పడదు. కానీ పొద్దు వాలేటప్పుడు ఎండ సూటిగా లోపలికి వస్తుంది. విడిపోతున్న పొర సరిగ్గా అక్కడే ఉంది.

"కుజుడి మీద కూడా రాళ్లు పగిలాయి. ఫొటోల్లో కనిపిస్తున్నాయి" అన్నారు సారు. "అక్కడ వాన లేదు. ఒట్టి ఎండా చలీ కలిసి రాయిని పగలగొట్టగలవా? అక్కడికి వెళ్లి కొలవలేను. ఇక్కడ కొలవగలను. ఈ చూరు కింద నాకు ఒక కుజుడి ముక్క దొరికింది."

"కుజుడంటే కుజదోషం కుజుడేనా సారూ?"

"ఆయనే."

"అయితే మా ఊర్ల ఆయన బాధితులు శానామంది ఉన్నరు. లగ్గాలు అయితలేవు. జర మంచిగ చెప్పుండ్రి ఆయనకు."

పగులుకు ఇటొకటి అటొకటి రెండు చిన్న ఉక్కు మొలలు జిగురుతో అతికించుకున్నారు. కంసాలి పట్టుకునేంత జాగ్రత్తగా ఒక పరికరం పట్టుకుని ఆ రెంటి మధ్య దూరం కొలిచేవారు. రాగానే ఒకసారి, పొద్దు వాలేటప్పుడు ఒకసారి. ఎండకు పొర కొంచెం బయటికి వస్తుంది, చలికి మళ్లీ లోపలికి పోతుంది. "రాయి ఊపిరి తీస్తుందయ్యా. తీసినదంతా వదలదు. వెంట్రుకలో వందోవంతు ఉండిపోతుంది. ఆ ఉండిపోయిందే ఎప్పుడో దాన్ని పడేస్తుంది."

"ఎప్పుడు పడ్తది?"

"నా జీవితంలో పడదు. నీ జీవితంలోనూ పడదు. పడటం నాకు అక్కర్లేదు. ఎంత వేగంగా పోతోందో తెలియాలి. దానికి చాలా ఏళ్లు కొలవాలి, మధ్యలో దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. నాకు కావలసింది అదొక్కటే."

మనుషులు విమానాశ్రయం పక్కన ఏమేమో కోరుకుంటున్న రోజులవి. ఈయన కోరిక ఇది.

కొలిచేటప్పుడు నేను దగ్గరికి వంగితే కసిరేవారు. "నీ నీడ తియ్యి. దాని ఎండ దానికి వదులు." ఆయన కూడా అంతే, గొడుగు మూసేసి, తన నీడ పొర మీద పడకుండా ఒక పక్కకు ఒరిగి, మెడ వంకర పెట్టుకుని కొలిచేవారు. ఇంటికి పోయాక మెడనొప్పి అని అమ్మగారు తిట్టేవారట.

రాష్ట్రం కోసం బందులు నడిచిన రోజుల్లో హోటల్లో ఎవడో ఆయన యాస విని, "సారూ, మీది ఏ ప్రాంతం?" అన్నాడు. మాటలు వేడిగా ఉన్న రోజులు కాబట్టి నేను గరిటె పట్టుకుని లేచాను. సారు గుండు వైపు చూపించి, "దాన్ని అడుగు బాబూ. దాని లెక్కలో మనమందరం నిన్న దిగినవాళ్లమే" అన్నారు. అడిగినవాడు ఆ రోజు సారు బిస్కెట్లకు కూడా తనే పైసలు ఇచ్చిపోయాడు.

అంతలో గుట్టకు రోజులు దగ్గరపడ్డాయి. మా దగ్గర అప్పట్లో ఎత్తు కనపడితే చదును చేయడం, పల్లం కనపడితే నింపడం, రెండింటినీ ప్లాట్లు అనడం. గుట్ట కింద బరమాలతో రాయిని తొలిచే కంప్రెషర్ ట్రాక్టర్లు వచ్చి నిలబడ్డాయి. ఎర్రగుడ్డ ఊపి, విజిల్ వేసి, రాయిని పేల్చేవాళ్లు. గ్లాసులు వాటంతట అవే గలగలమనేవి. సారు ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఒకచోట కూర్చోబెట్టి నీళ్లిచ్చారు. ఇంకోచోట అదీ లేదు.

చివరికి పని చేయించే మేస్త్రినే మా హోటల్లో పట్టుకుని అడిగారు.

"సారూ, గా ఒక్క గుండు కోసం నా పని ఆపాల్నా?" అన్నాడు మేస్త్రి. "రాళ్లే గావాలంటే పాలమూరు దాంక ఉన్నయి. పోయి జూస్కోండ్రి."

"ఉన్నాయి బాబూ. కానీ నేను ఇన్నేళ్లు కొలిచింది ఇదొక్కదాన్నే."

మేస్త్రి నా వైపు తిరిగాడు. "ఏందన్నా, సారుకు జర ఎండదెబ్బ తగిలిందా?"

"సారుకు కాదురా, రాయికి తగిలింది. గదే కొలుస్తున్నడు."

వాడు నవ్వి, మూడు రోజుల్లో పైదాకా వస్తామని చెప్పి వెళ్లిపోయాడు. సారు లేచి బయటికి వెళ్లారు. పేలిన రాళ్లలోంచి ఒక పెచ్చు తెచ్చుకుని, ఊగే బెంచీ కాలు కింద పెట్టి, సరిపోయిందా అని నొక్కి చూశారు. అప్పుడు అన్నారు:

"ఏమయ్యా, నువ్వు చెప్పే అబద్ధాల్లో నాకొకటి కావాలి."

"ఏ సైజుల సారూ?"

"ఆ గుండుకు సరిపడేది."

నాకు అర్థమైంది. మా దిక్కు పసుపు కుంకుమ పడిన రాయికి ఎవడూ బరమా పెట్టడు. మర్నాడు మిట్టమధ్యాహ్నం, పనివాళ్లు సద్దులు తిని చెట్ల కింద పండుకున్న వేళ, వంటింట్లోంచి పసుపు, కుంకుమ, నిమ్మకాయలు ఎత్తుకుని గుట్ట ఎక్కాను. సారు పడమటి పక్కన గొడుగు అడ్డం పెట్టి కాపలా నిలబడ్డారు.

"తూర్పు వైపే పెట్టు. ఇటు చుక్క పడకూడదు."

"పడదు సారూ."

"జీవితమంతా పిల్లలకు రాయి రాయేనని చెప్పాను." ఇటు తొంగిచూసి మళ్లీ అన్నారు. "బొట్టు ఇంకొంచెం పెద్దది పెట్టు. దూరం నుంచి కనపడాలి."

నేను ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు. మా ఊళ్లో కుంకుమకు నోరుంది. మర్నాడు మేస్త్రి కిందనే చెప్పులు విడిచి, పైకెక్కి, కొబ్బరికాయ కొట్టి, లెంపలు వేసుకుని దిగాడు. గుట్ట మిగతాదంతా పోయింది. గుండూ, దాని కింది రాయీ, చుట్టూ గజమంత నేలా ఒక దిబ్బలా మిగిలాయి. అటూ ఇటూ ప్లాట్ల హద్దురాళ్లు. మేస్త్రి కొబ్బరికాయ కొట్టిన సాయంత్రమే సారు కొలత తీసుకుని వచ్చి, బెంచీ మీద కూర్చుని, "ఇవాళ చక్కెర వెయ్యవయ్యా" అన్నారు. ఆయన చక్కెర అడిగింది అదే మొదలు.

మేమిద్దరం ఒక్కటి మరిచిపోయాం. ఆయన అంత చదువుకుని, నేను ఇక్కడే పుట్టి. దేవత అన్నాక స్నానం చేయిస్తారు.

వానాకాలంలో సారుకు జ్వరం పట్టుకుంది. చాలా వారాలు రాలేదు. అదే సమయంలో మా ఇంటామె ముందు నడిచి, వాడకట్టు ఆడవాళ్లు వెనక నడిచి, శుక్రవారం శుక్రవారం బిందెలతో గుండుకు నీళ్లు పోయడం మొదలైంది. ఊళ్లో వాన తగలని రాయి అదొక్కటే. దానికి చూరు కింద కూడా చెంబుతో కొట్టి కొట్టి పోశారు, అక్కడ దుమ్ము ఎక్కువుందని.

నేను అడ్డం పోయాను. "ఎన్కదిక్కు ఎందుకే, ముంగట పొయ్యి, సాలు" అన్నాను.

"ఏందయ్యా, అమ్మకు నీళ్లు పోస్తే నీకేం నొప్పి? వీపు కడగరా ఎవలన్న?"

ఏం చెప్పను? నిజం చెప్తే సాయంత్రానికి మేస్త్రి చెవిన పడుతుంది, గుండు పోతుంది. చెప్పకపోతే పగులు పోతుంది. నోటి దురుసుకు ఊళ్లో నన్ను మించినవాడు లేడు. ఆ రోజు హోటల్‌కి తిరిగొచ్చి గ్లాసులు కడుక్కున్నాను.

సారు తేరుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది. గుండు నిలువునా నీలం పలకలు తొడుక్కుని ఉంది, బాత్రూముల్లో వేస్తారే, అవి. మా ఇంటామె ఎదురు వచ్చి సంబరంగా చూపించింది.

"గుడి గట్టేదాంక గిట్ల పెట్టినం సారూ. ఎన్కబాజు పగిలి గలీజుగుండె. సిమెంటు నింపి పలకలు ఏసినం. ఏవో ఇనుప మొలలుండె, పీకేసినం. పిల్లగాండ్లకు గుచ్చుకుంటయి గద. గీ అమ్మకు మొక్కినంక నా మోకాళ్ల నొప్పులు శాన తగ్గినయి సారూ."

సారు చూరు కిందికి వంగి చూశారు. చూస్తున్నప్పుడు అలవాటుగా గొడుగు మూసి, తన నీడ ఆ పలకల మీద పడకుండా పక్కకు జరిగారు. నేను అటు చూడలేకపోయాను.

"మంచి పని చేశారమ్మా" అన్నారు. ఆమె ఇచ్చిన కొబ్బరిముక్క రెండు చేతులతో తీసుకున్నారు.

దిగేటప్పుడు నేను, "సారూ, ఇంట్ల నిజం చెప్పేస్త. ఊడవీకుతరు" అన్నాను.

"ఊడబీకి ఏం చేస్తావు? సిమెంటు లోపలికంటా పోయింది. కొలత తెగిపోయింది. రాయి ఉంది కదయ్యా, నా పనే పోయింది. మళ్లీ మొదలుపెట్టడానికి నా దగ్గర ఏళ్లు లేవు." నాలుగడుగులు వేశాక మళ్లీ అన్నారు. "ఆవిడ మోకాళ్లు తగ్గాయంటోంది. చెప్పకు."

చెప్పలేదు. ఇప్పటికీ తెలియదు. ఆమెకు అక్షరాలు రావు కాబట్టి ఇది రాయగలుగుతున్నాను.

సారు రావడం మానలేదు. అదే బెంచీ, అదే కొస, కానీ వీపు గుండు వైపు. రోడ్డు మీద పోయే లారీలను చూసేవారు. మన దేశం కుజుడి దగ్గరికి నౌకను పంపినప్పుడు మా టీవీ ముందు జనం చప్పట్లు కొట్టారు. సారు కూడా కొట్టారు. కూర్చున్నాక నాకు మాత్రమే వినపడేట్టు, "అక్కడి రాళ్లది అదృష్టమయ్యా. స్నానం చేయించేవాళ్లు లేరు" అన్నారు. నేను జోకు అనుకుని నవ్వాను. ఆయన భుజాలు కదల్లేదు.

పోయిన ఎండాకాలంలో ఒక సాయంత్రం మాత్రం వేరు. పొద్దు వాలుతోంది, సారు బిస్కెట్ ముంచుతున్నారు. వెనక నుంచి తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు. పేల్చడానికి గుట్టే లేదు కదా అని ఇద్దరం లేచి ఉరికాం. చూరు కింద నీలం పలకలు నడిమికి చీలి, సిమెంటుతో సహా కింద పడి ఉన్నాయి. రాయి తన పొరను తానే తోసేసింది. లోపలి రాయి ఇప్పుడే దంచిన బియ్యంలా తెల్లగా ఉంది. సారు ఆ తెలుపు మీద అరచెయ్యి పెట్టి, "చూశావా, ఇది ఎవరి మాటా వినదు" అన్నారు. భుజాలు కదిలాయి. కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. కిందికి వచ్చాక రెండోసారి చక్కెర వెయ్యమన్నారు.

వానలు పడ్డాక మళ్లీ జ్వరం. ఈసారి దవాఖాన. నేను చూడబోయిన రోజు ఆయన నిద్రలో ఉన్నారు. ఫ్లాస్కులో తెచ్చిన చాయ్ అమ్మగారు తాగారు. "మీ రాయి గురించే ఒకప్పుడు రోజంతా చెప్పేవారు. ఇప్పుడు ఆ మాటే ఎత్తడం లేదు" అన్నారు ఆమె. తరువాత మొన్నటి ఫోన్.

సంగతి తెలిసి మా ఇంటామె ఏడ్చింది. తలంటుకుని, బిందె నింపుకుని, గుండు దగ్గరికి పోయి సారు పేరు మీద దీపం పెట్టింది. "సారుకు గీ అమ్మంటే శాన పాణం ఉండె. ఎన్నిసార్లు జూసిన ఆడనే ఉండెటోడు" అన్నది. ఆ మాట నిజమే. ఆమెకు తెలిసింది నిజం, తెలియనిదీ నిజమే.

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ ఆయన కొలతలో వెంట్రుక తేడా వస్తే మళ్లీ గుట్ట ఎక్కే మనిషి. అందుకని చెబుతున్నాను. పలకలు పేలిన సంగతి నేను కల్పించాను. చప్పుడు రాలేదు, మేము ఉరకలేదు, సారు నవ్వలేదు. రెండోసారి చక్కెర అడగలేదు. పోయిన ఎండాకాలంలో ఆయన వచ్చిన చివరి రోజున చాయ్ సగం వదిలేసి, గుండు వైపు తిరగకుండానే బస్సెక్కారు.

పలకలు అట్లాగే ఉన్నాయి. ఒక్కటి కూడా వదులు కాలేదు. నిన్న పొద్దు వాలేటప్పుడు ఎక్కి చూసి వచ్చాను. ఎండ వాటి మీద పడి కళ్లలో కొడుతోంది. దగ్గరికి వంగితే నా నీడ నిండుగా వాటి మీద పడింది. చాలాసేపు అట్లాగే నిలబడ్డాను. తియ్యమని ఎవరూ అనలేదు.